కూలి నిలిచిన ఆట

2025 అక్టోబరు నెలలో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను క్రొత్త పేరు పెట్టుకొన్నది. వ్యాపారసంస్థ తన కార్యస్థానమును ఒక నగరమునుండి మరియొక నగరమునకు మార్చుకొనుట లోకములో వింత కాదు. కాని జట్టు కేవలము వ్యాపారసంస్థ కాదు. దాని పసుపుపచ్చని చొక్కా తొడిగి పాఠశాల మైదానములో బంతి తన్నిన బాలుడు గద్వాలలో ఉండవచ్చును, వనపర్తిలో ఉండవచ్చును, నాగర్‌కర్నూలులో ఉండవచ్చును. వానికి అది తన జట్టు. తన జట్టు ఒకనాటి ఉదయమున పరుల జట్టు అయినప్పుడు వాడు ఎవరిని అడుగవలెను? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో ఢిల్లీ ప్రయాణమునకు రెండేండ్లు ముందు ఆ జట్టులో నిలిచిపోయిన జీతముల సంగతినుండి ప్రారంభింపవలెను.

ఆ జట్టు చరిత్ర చిన్నది. 2019లో పుట్టి, మొదటి యేడు ఇండియన్ సూపర్ లీగు పట్టికలో అట్టడుగున నిలిచినది. స్పెయిను దేశస్థుడైన మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చిన పిమ్మట దాని తీరు మారినది. 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫటోర్డా మైదానములో కేరళ బ్లాస్టర్స్ జట్టుతో జరిగిన అంతిమపోటీ అదనపు కాలము ముగిసినను ఒకటికి ఒకటిగా సరిసమానమయ్యెను. పెనాల్టీలలో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులను ఆపగా హైదరాబాదు 3–1తో గెలిచి దేశమున మేటి జట్టయినది. కోవిడ్ మహమ్మారి కారణమున ఆ యేటి పోటీలన్నియు గోవాలోనే జరిగినవి. అనగా హైదరాబాదు విజేత అయిన సంవత్సరములో హైదరాబాదు గడ్డమీద ఆ జట్టు లీగు ఆట ఒక్కటియు ఆడలేదు. అభిమానులలో పెక్కురు ఆ గెలుపును తెరమీదనే చూచి తృప్తిపడిరి. మరుసటి యేడు జట్టు గచ్చిబౌలి మైదానమునకు తిరిగి వచ్చి, పట్టికలో రెండవ స్థానమును దక్కించుకొన్నది. అభిమానులు మైదానమునకు అలవాటు పడుచున్న సమయమున, 2023–24లో, జీతముల బాకీ వార్తలు బయటపడసాగినవి.

వేతనవివాదము జట్టును ఏ విధముగ కూల్చునో తెలిసికొనదగినది. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన ఫిఫా నిబంధనలలో 2018నుండి ఒక సూత్రమున్నది. రెండు నెలల జీతము అందని ఆటగాడు క్లబ్బునకు వ్రాతమూలకముగ తెలియజేసి, 15 దినముల గడువు ఇచ్చి, అప్పటికిని పైకము రానియెడల న్యాయమైన కారణముతో ఒడంబడికను త్రెంచుకొనవచ్చును. బాకీ తీర్చని క్లబ్బు క్రొత్త ఆటగాండ్రను నమోదు చేసికొనకుండ నిషేధించుట మరియొక పద్ధతి. ఈ రెండును ఆటగాని రక్షణకొరకు ఏర్పడినవే, రెండును న్యాయమైనవే. కాని రెండును ఒక్కసారిగ పనిచేసినప్పుడు ఉన్నవారు వెడలిపోవుదురు, క్రొత్తవారు రాజాలరు. హైదరాబాదులో జరిగినది ఇదియే. విదేశీయులైన ఆటగాండ్రలో దాదాపు అందరు, స్వదేశీయులలో అనుభవజ్ఞులు పలువురు జట్టును విడిచిరి. మిగిలిన కుర్రవాండ్రు మైదానమున నిలిచి ఓటమిమీద ఓటమిని భరించిరి. రెండేండ్లక్రితము విజేత అయిన జట్టు ఆ యేడు 22 ఆటలలో ఒక్కదానిని మాత్రమే గెలిచి మరల అట్టడుగునకు చేరినది. 2024లో యాజమాన్యము చేతులు మారినను పూర్వవైభవము తిరిగి రాలేదు. ఆ తరువాతి ఘట్టము ఢిల్లీ ప్రయాణము.

ఇట్టి సమయములలో లోకులు సాధారణముగ పలుకు మాట ఒకటి కలదు. ఆటగాండ్రకు లక్షలు వచ్చుచుండగా రెండు నెలలు ఆలస్యమైన మాత్రమున కొంప మునిగినదా అని అందురు. ఈ మాట మరియెచ్చట చెల్లినను పాలమూరు గడ్డమీద చెల్లరాదు. 2016లో మూడు జిల్లాలుగ ఏర్పడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములు పూర్వపు మహబూబ్‌నగరు జిల్లాలోనివి. దేశమున ఏ మూల ఆనకట్ట కట్టినను, కాలువ త్రవ్వినను పాలమూరు లేబరు అను పేరు వినబడిన కాలమొకటి ఉండెను. గుంపు మేస్త్రీ ముందుగ ఇచ్చిన పైకమునకు కట్టుబడి, పిల్లాపాపలతో ఊరు విడిచి, నెలలు గడచినపిమ్మట లెక్క చూచుకొనగా చేతికి ఏమియు రాక తిరిగి వచ్చిన కుటుంబముల కథలు ఇచ్చటి ముసలివారికి ఎరుకే. చేసిన పనికి కూలి అందకుండుట అనిన నేమో ఈ నేలకు వేరుగ బోధింప నక్కరలేదు.

కూలి పరిమాణము మారవచ్చును, ధర్మము మారదు. పైగా ఆటగాని సంపాదనకాలము మిక్కిలి కురుచ. అధ్యాపకుడు అరువదియేండ్ల ప్రాయమువరకు బోధింపగలడు. ఫుట్‌బాల్ ఆటగాడు ముప్పదియైదేండ్లకు ముసలివాడగును. మోకాలు ఒక్కసారి తిరుగబడినచో అంతకు ముందే ముగియును. జట్టనగా పేరుమోసిన పదునొకండుగురు మాత్రమే కాదు. పేరు లేని కుర్రవాండ్రు, కండరములు మర్దించువారు, సామానులు మోయువారు, మైదానమునకు నీరు పెట్టువారు కలసినదే జట్టు. పై మెట్టున జీతము నిలిచినప్పుడు క్రింది మెట్టున ఏమగునో ఊహించుట కష్టము కాదు.

ఆటగాని పక్షమున న్యాయమున్నదనుటతో విషయము ముగియదు. యజమానికిని ఆటగానికిని నడుమ వ్రాతమూలకమైన ఒడంబడిక ఉన్నది. అభిమానికి అట్టిది ఏదియు లేదు. 1994 ఆగస్టు 12వ తేదీన అమెరికాలో వృత్తి బేస్‌బాల్ ఆటగాండ్రు సమ్మెకు దిగిరి. జట్టు జీతముల మొత్తమునకు పరిమితి విధింపవలెనని యజమానులు పట్టుబట్టగా, ఆటగాండ్ర సంఘము అందులకు సమ్మతింపలేదు. 232 దినములు వివాదము సాగినది. 1904 తరువాత మొదటిసారిగ ఆ యేటి వరల్డ్ సిరీస్ పోటీలు రద్దయినవి. మరుసటి యేడు ఆట మొదలైనను ఒక్కొక్క ఆటకు వచ్చు ప్రేక్షకుల సంఖ్య సుమారు అయిదవ వంతు తగ్గిపోయినది. సమ్మెనాటికి 74 గెలుపులతో అన్ని జట్లకంటె ముందున్నది కెనడాలోని మాంట్రియల్ జట్టు. దాని పతాకసన్నాహము అచ్చటనే ఆగిపోయినది, ఆ తరువాత దాని మేటి ఆటగాండ్రు ఇతర జట్లకు పోయిరి, ప్రేక్షకులు పలుచబడిరి, 2005లో ఆ జట్టు పేరు మార్చుకొని వాషింగ్టనుకు తరలిపోయినది. మాంట్రియల్ అభిమాని సమ్మె చేయలేదు, జీతము ఆపలేదు. అయినను జట్టును పోగొట్టుకొన్నవాడు అతడే.

తెలుగునాట సయితము ఇట్టి నష్టము ఫుట్‌బాల్‌తో ఆరంభము కాలేదు. 2014 అక్టోబరులో వెస్టిండీస్ క్రికెట్టు జట్టు భారతదేశ పర్యటనను నడుమనే విడిచిపోయినది. ఆటగాండ్ర ప్రతిఫలమునుగూర్చి వారి బోర్డును ఆటగాండ్ర సంఘమును చేసికొన్న క్రొత్త ఒడంబడిక తమకు అంగీకారము కాదని ఆటగాండ్రు పలికిరి. విశాఖపట్నమున జరుగవలసిన ఆటను హుద్‌హుద్ తుపాను అంతకు ముందే మ్రింగివేసినది. అక్టోబరు 30న హైదరాబాదులో ప్రారంభము కావలసిన టెస్టు ఆట ఈ వివాదమున కొట్టుకొనిపోయినది. ప్రకృతివలన కలిగిన నష్టమును విశాఖవాసులు ఓర్చుకొనిరి. మనుష్యుల తగవువలన కలిగిన నష్టమును ఓర్చుకొనుట అంత సులభము కాదు. శ్రీలంక జట్టును పిలిపించి నవంబరు 9న హైదరాబాదులో ఒకరోజు ఆట జరిపించిరి. టిక్కెట్టు పైకము తిరిగి ఇయ్యవచ్చును, వేరొక జట్టును తెచ్చి ఆట చూపవచ్చును. కాని అయిదు దినముల టెస్టుకొరకు నెలలుగ ఎదురుచూచినవాని ఉత్సాహమును ఏ లెక్కలో జమకట్టుదురు?

ఒక యజమాని దోషమే సర్వమునకు కారణమని తీర్మానించుట కూడ తొందరపాటగును. 2010లో అఖిలభారత ఫుట్‌బాల్ సమాఖ్య ఒక వాణిజ్యసంస్థతో 15 ఏండ్ల ఒడంబడిక చేసికొన్నది. లీగు మొత్తము ఆ ఒక్క దూలముమీదనే నిలిచినది. 2025 డిసెంబరుతో గడువు తీరనుండగా, దానిని పొడిగించు విషయము తేలనందున, ఆ యేడు జూలైలో రాబోవు పోటీల సన్నాహము నిలిపివేయబడినది. ఆగస్టులో బెంగుళూరు క్లబ్బు మొదలగునవి తమ ప్రధానజట్ల జీతములను ఆపివేసినవి. సకాలమున జీతములు ఇచ్చుచున్న క్లబ్బులకును ఈ గతి పట్టినదనిన లోపము వ్యక్తులలో కంటె ఏర్పాటులోనే అధికముగ ఉన్నదని తెలియుచున్నది.

ఏర్పాటు ఒక్క చేతిమీద ఆధారపడినచో ఏమగునో గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానముల చరిత్ర తెలిసినవారు గ్రహింపగలరు. ఆ సంస్థానముల ఆదరణను కోరి నలుదిక్కులనుండి పండితులు, కవులు వచ్చిరి. విద్వత్తు వెలిగినది, సందేహము లేదు. కాని పండితుని వార్షికము ప్రభువు చిత్తము. అది హక్కు కాదు, అనుగ్రహము. హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసినపిమ్మట సంస్థానములు గతించినవి. వనపర్తి రాజభవనము పాలిటెక్నిక్ కళాశాల అయినది. పద్యము మాత్రము చావలేదు. పాఠశాలలు, సభలు, సామాన్య ప్రజలు దానిని చేతులలోనికి తీసికొనిరి. పోషకుని సిరితోబాటు కళ అంతరింపవలెనను నియమము లేదు. అది ప్రజలలో వేరూనియుండవలెను, అంతే.

ఫుట్‌బాలునకు హైదరాబాదులో అట్టి వేరు ఒకప్పుడు ఉండెను. ఆ వేరును పెంచినవాడు ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచే ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950నుండి 1954వరకు వరుసగ అయిదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచినది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకములను, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమును సంపాదించినది. నాటి పోలీసు జట్టు ఆటగాండ్రకు వచ్చినది స్వల్పజీతమే. కాని అది ఉద్యోగపు జీతము. ఆట ఓడినను ఆగునది కాదు. జట్టు ఊరు విడిచిపోవునను భయమును అభిమానులకు లేదు. ఆ కాలమునకు మరల పోవుట సాధ్యము కాదు, అవసరమును కాదు. ఆట వృత్తియై, ఆటగానికి తగిన ప్రతిఫలము లభించుట మేలే. అయితే నాటి ఉద్యోగములోని భద్రత నేటి ఒడంబడికలోనికి రావలెను.

అందులకు మార్గములు లేకపోలేదు. పోటీలు ప్రారంభమగుటకు ముందే కొన్ని నెలల జీతముల మొత్తమునకు బ్యాంకు పూచీ ఇచ్చిన క్లబ్బునకే లీగులో ప్రవేశము కల్పింపవచ్చును. జర్మనీలో 1998నుండి ఒక కట్టుబాటు కలదు. కొలది మినహాయింపులతో, క్లబ్బు వ్యాపారవిభాగమున ఓట్లలో సగముకంటె అధికము సభ్యులైన అభిమానుల సంఘముచేతిలోనే ఉండవలెను. ఇచ్చట అంత దూరము ఒక్కసారిగ పోలేకున్నను, జట్టును తరలించుటకు ముందు ఒక యేడు గడువు ఇచ్చి, అభిమానుల సంఘములను పిలిచి వినుట అసాధ్యము కాదు. 2025లో చేయబడిన జాతీయ క్రీడా పరిపాలన చట్టము క్రీడావివాదములకు ప్రత్యేక న్యాయాధికరణమును ఉద్దేశించినది. ఆటగాండ్ర గోడు వినుటకు పీఠము ఏర్పడుచున్న ఈ తరుణమున, ప్రేక్షకుని మాటకు సయితము ఎచ్చటనో చోటు చూపవలెను.

ఈ మూడు జిల్లాల ఉపాధ్యాయులకు ఇందు ప్రత్యేకమైన పని ఒకటి ఉన్నది. ఆటనే బ్రతుకుతెరువుగ చేసికొందునని చెప్పు విద్యార్థి నేడు ప్రతి పాఠశాలలోను కనబడును. అది పగటికలయని గద్దించుట తగదు. కేవలము చప్పట్లు కొట్టి పంపుటయు తగదు. తాను సంతకము పెట్టు కాగితమును చదివి అర్థము చేసికొనునంతటి చదువు, జీతము నిలిచినప్పుడు ఎవరికి వ్రాయవలెనో తెలిసిన తెలివి, సాటి ఆటగాండ్ర సంఘములో చేరు అలవాటు వానికి కలుగవలెను. మేస్త్రీ చూపిన కాగితమున వ్రేలిముద్ర వేసి వలసపోయిన తాత కష్టము మనుమనికి మైదానములో ఎదురుపడరాదు.

జట్టు పోయినందుకు దుఃఖించు బాలుని చూచి నవ్వుట కూడ తగదు. వాడు జట్టులో డబ్బు పెట్టలేదు, మనసు పెట్టినాడు. వాని దుఃఖమును ఆలకించి, జట్టు ఏల పోయినదో, ఎవరి జీతము ఎన్నాళ్లు నిలిచినదో వానికి వివరించి, సాయంకాలము బడి మైదానము తలుపు తెరచి ఉంచవలెను. రహీం పంతులు ఆరంభించినది అట్టి మైదానములనుండియే.