బీమా కచేరీలోని గుమాస్తా



మన బందరునకు జీవిత బీమా క్రొత్త మాట గాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1925లో అచ్చటనే ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. 1956లో దేశమందలి జీవిత బీమా వ్యాపారము ప్రభుత్వపరమయ్యెను. ఇన్నేండ్లుగా మగవారు పాలసీలు కట్టుచునే యున్నారు. ఆ కాగితములో నేమి వ్రాసియున్నదో ఇల్లాండ్రలో నెందఱెఱుగుదురు?

గత మాసమున ఘంటసాలలోని మా వీథి సోదరి యొకతెకు తోడుగా ఒక బీమా కచేరీకి వెళ్లితిని. ఆమె భర్త గతించి రెండు మాసములైనది. క్లెయిముల బల్లకడ నొక చిన్నది గుమాస్తాగా నున్నది. వచ్చిన ప్రతి కాగితమును చిట్టాకెక్కించుట, పాలసీ బాండును మరణ ధ్రువపత్రమును బ్యాంకు ఖాతాను సరిచూచుట, పేరులో నొక్క యక్షరము తేడాయున్నను గుర్తించుట, కొఱతలకు జాబులు వ్రాయుట, అన్నియు కుదిరిన పిమ్మట పై యధికారి యెదుట దస్త్రము నుంచుట, ఇవి యామె పనులు. సొమ్ము మంజూరు చేయు నధికార మామెకు లేదు; కాని యామె చేయి దాటక యే దస్త్రమును కదలదు.

బాండు చూచి యా చిన్నది క్షణకాలము మౌనము వహించెను. అది పెండ్లికి ముందు తీసిన పాలసీ. నామినీగా తల్లి పేరున్నది. ఆ తల్లి నాలుగేండ్ల క్రిందటనే గతించినది. పేరు మార్పింపవలెనని యెవరికిని తోచలేదు.

“అమ్మా, సొమ్మెక్కడికిని పోదు. 1938 నాటి బీమా చట్టము 39వ సెక్షను ప్రకారము, పాలసీదారునికంటె ముందే నామినీ గతించినచో అది వారసులకు చెందును. కాని వారసత్వపు ఋజువు కావలెను” అనెను.

“నేను భార్యనని యూరంతయు నెఱుగును గదా!” అని మా సోదరి కోపించెను.

“ఊరెఱుగును గాని కాగిత మెఱుగదమ్మా” అని యా చిన్నది మెల్లగా బదులు చెప్పి, కావలసిన పత్రముల పట్టికను స్వయముగా వ్రాసి యిచ్చెను. పిల్లల బడి జీతముల గడువు మాత్రము పత్రములకై యాగదు గదా!

మొదట నాకును కోపమే వచ్చినది. పిదప తెలిసినది: ఆమె యంత నిశితముగా చూచుటచేతనే మన సొమ్ము దొంగ సంతకముల పాలు గాకున్నది. తప్పు ఆమె బల్లకడ లేదు, మన పెట్టెలో నున్నది.

కావున నేటి రాత్రియే బాండు తీసి చదువుడు. నామినీ యెవరు? పేరు ఆధారు కార్డుతో సరిపోవునా? పాలసీదారుడు బ్రదికియుండగా నామినీని మార్చుట కొక చిన్న దరఖాస్తు చాలును. 2015 నాటి సవరణతో, నామినీలైన భార్యకును తలిదండ్రులకును బిడ్డలకును ఆ సొమ్ముపై సొంత హక్కే సాధారణముగా కలుగును. భర్త నడుగుట అశుభమని సంకోచింపవలదు. వానలకు ముందే యింటికప్పు నేయించుకొనుట అశుభమని మన కృష్ణాతీరమున నెవరైన నందురా?