పాలిష్ పనికి ఏ గ్లవ్స్?

తలుపులకు పాలిష్ పెట్టే పనివారు చాలామంది సాయంత్రం చేతుల మరకలను థిన్నర్‌తోనే కడుక్కుంటారు. మరకతోపాటు చర్మాన్ని కాపాడే నూనె పొర కూడా పోతుంది. పగుళ్లు, దురద అక్కడే మొదలు. గ్లవ్స్ వేసుకోమని చెప్పడం తేలికే, ఏ గ్లవ్స్ అన్నదే అసలు ప్రశ్న.

ఆసుపత్రుల్లో కనిపించే పలుచని లేటెక్స్ గ్లవ్స్ టర్పెంటైన్ తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. నైట్రైల్ దాన్ని బాగా తట్టుకుంటుంది. స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్‌కూ కొంతసేపు పనికొస్తుంది. లాకర్లలో కలిపే థిన్నర్ సంగతి వేరు. అందులో తరచుగా టోలీన్, అసిటోన్ వంటివి ఉంటాయి. అసిటోన్ పలుచని నైట్రైల్‌ను నిమిషాల్లోనే దాటేస్తుంది. దానికి చిల్లు అక్కర్లేదు. అణువులు రబ్బరులోకి ఇంకి అవతలికి చేరతాయి. గ్లవ్ పైకి బాగానే కనిపిస్తుంది, లోపల ద్రావకం ఆవిరయ్యే దారిలేక చర్మాన్ని అంటుకుని ఉంటుంది. బ్యుటైల్ రబ్బరు అసిటోన్‌ను ఆపుతుంది కానీ టోలీన్‌ను అంతగా ఆపలేదు, పైగా ఖరీదు. అందుకే నైట్రైల్ వాడేవారు థిన్నర్ పడగానే జత మార్చాలి.

డబ్బాపై 'గ్లవ్స్ వాడండి' అన్న ఒక్క మాట చాలదు. ఏ రకం, ఎంతసేపు అన్నది పనివారు చదవగల భాషలో ఉండాలి. అన్ని జతలు కూలి డబ్బుల్లోంచి కొనుక్కోమనడమూ అన్యాయమే. టేకు తలుపుకు వేలు పోసే ఇంటి యజమాని పాలిష్ సామాను చీటీలో గ్లవ్స్‌నూ రాసుకోవాలి.