రవీంద్రగీతమునకు కావలివా రెందులకు?

ఢాకా నగరపు రాక్ సంగీతబృందమగు శిరోనామ్‌హీన్ 2010లో రవీంద్రనాథ ఠాకూరుగారి గీతములను తమ ధోరణిలో పాడి యొక ఆల్బముగా ప్రకటించెను. ఆ బృందము పేరునకు శీర్షికలేనిదని యర్థము. పేరులేనివారు వంగదేశమున నన్నిటికంటె పెద్దపేరును ముట్టుకొనిరి. ఇట్టిపని యెవరు చేసినను గురుదేవుని గీతము మైలపడినదని చెవులు మూసికొను పండితు లచట నున్నారు. ఆ మైల యెట్టిదో విచారింతము.

గురుదేవుఁడు మడి పాటించెనా? వాల్మీకిప్రతిభ యను సంగీతనాటకమున ఆంగ్లేయుల బాణీని కాళీభక్తులైన దొంగల నోట పెట్టినవాఁ డాయనయే. స్కాట్లండువారు సంవత్సరాదినాఁడు పాడుకొను స్వరము ఆయనచేతిలో వంగదేశపు స్నేహగీతమయ్యెను. మేనకోడలు సరళాదేవి మైసూరునుండి బాణీలు తెచ్చి యిచ్చిన, వానికిని మాటలు కట్టెను. 1905లో వంగవిభజననాఁడు వ్రాసిన గీతమునకు తపాలాజవాను గగన్ హర్కారా పాడుకొను బావుల్ స్వరమే యాధారము. ఆయన యెరువు తెచ్చిన ప్రతిభ, ఇతరులు మార్చిన నపచారము! ఇదెక్కడి న్యాయము?

తన స్వరములను గాయకులు మార్చుట ఆయనకే యిష్టములేదు గదా యందురు. నిజమే, దిలీప్‌కుమార్ రాయ్ గారితో నీ విషయమున వాదించెను. ఆ యిష్టము మన్నింపదగినదే. అందులకే స్వరలిపి యున్నది. స్వరవితాన సంపుటములను గిటారు మ్రింగలేదు. కోరినవా రక్షరము తప్పక పాడుకొనవచ్చును.

కావలివలన కలిగిన నష్టమో? విశ్వభారతి సంగీతసమితి యనుమతి లేనిదే రికార్డు వెలువడని దినములలో, దేవవ్రత బిశ్వాస్ పాటలందు వాద్యము లెక్కువైనవని యాక్షేపించిరి. అంతటి గాయకుఁడు విసిగి రికార్డులకు పాడుటయే మానుకొనెను, 1980లో మరణించెను. ఆ మౌనమువలన గురుదేవునికి గౌరవము హెచ్చినదా? 1991తో ముగియవలసిన గ్రంథస్వామ్యమును మఱి పదియేండ్లు పొడిగించిరి. 2001 చివర తలుపు తెరచుకొన్నది. అప్పటినుండి యిరువదేండ్లు దాఁటినవి, కొంప మునుగలేదు.

అసలు ఢాకావారికి బుద్ధి చెప్పుటకు మన మెవరము? 1967లో పాకిస్తాను సమాచారమంత్రి రవీంద్రగీతమును రేడియోనుండి తొలగింతుమని ప్రకటింపగా, ఆ నగరపు కవులును గాయకులును నెదిరించిరి. ఆ తపాలాజవాను స్వరమే తరువాత వారి జాతీయగీతమయ్యెను. ప్రభుత్వమునకే లొంగని పాట డ్రమ్ములకు జడియునా?

మార్పెల్ల మేలని మేమనము. 2023లో పిప్పా చలనచిత్రమున, కారాగారపు టినుపతలుపుల కూల్చుమను నజ్రుల్ గీతమునకు క్రొత్త బాణీ కట్టినప్పుడు ఉభయవంగములును మండిపడెను. నిర్మాతలు విచారము తెలిపిరి. అచట మాకు తోఁచిన దోషము బాణీ మారుట గాదు; తలుపు బద్దలుకొట్టవలసిన పాట తలుపుచెంత నూయెల లూగుట.

రాక్ బృందములపైన మాకును ఫిర్యా దొకటి కలదు. గురుదేవుని పాటలు రెండువేలకు పైబడినవి. వీరు మాత్రము బడిపిల్లల కెల్ల కంఠస్థమైన పదిపదునైదింటి చుట్టే తిరుగుచున్నారు. తక్కినవి సంపుటములలోనే పడియున్నవి. వానిని కావలివారును పాడరు, వీరును పాడరు.