కొంటామని ఫోన్ చేసి సతాయించేటోళ్ల సంగతి

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి. ఇది ఒక్కరి మాట కాదు. మేము ఆరుగురం రెండు రాత్రులు కూర్చుని మాట్లాడుకున్నాక రాస్తున్నాం. మేమంటే బేగంపేట దగ్గర హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న ఆడపిల్లలం. లంబాడోళ్లం, కోయోళ్లం, గోండోళ్లం కలిసే ఉన్నాం. మా ఆరుగురి ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కిన మొదటి మనుషులం మేమే.

మొన్న ఈ గ్రూపులోనే ఒక అన్న సలహా పెట్టిండు. "మన ఆడపిల్లలు ఆన్‌లైన్లో అమ్మకాలు బంద్ చేయాలి, నంబర్లు పెట్టొద్దు, చదువుకోనికి పోయినోళ్లు చదువుకోవాలె" అని. కింద లైకులే లైకులు. ఆ అన్న మంచి మనసుతోనే రాసిండు, అందులో మాకు అనుమానం లేదు. కానీ ఆ సలహా తప్పని మా అభిప్రాయం. ఎందుకో చెప్తాం.

ముందు, మేము ఎందుకు అమ్ముతున్నామో తెలవాలి. స్కాలర్‌షిప్ పైసలు ఎప్పుడు పడుతయో ఎవరికీ తెలియదు. పరీక్ష ఫీజుకి మాత్రం ఆఖరి తేదీ ఉంటది. అమీర్‌పేట మైత్రీవనం గల్లీల్లో కోచింగ్ అయిపోయిన సీనియర్లు పోయేటప్పుడు పుస్తకాలు, జిరాక్స్ మెటీరియల్ కట్టలు కట్టలు వదిలేసి పోతరు. వాటిని శుభ్రం చేసి, పేజీలు సరిచూసి అమ్ముతాం. ఇంటి నుంచి అమ్మలు కుట్టి పంపిన అద్దాల సంచులు, కాలానికి తేనె, చింతపండు అమ్ముతాం. ఒక సంచి మీద అద్దాలు, గవ్వలు కుట్టాలంటే చేను పని అయ్యాక రోజూ సాయంత్రం కూర్చున్నా వారం పడుతది. పంజాగుట్ట దాటితే బంజారాహిల్స్. పేరు మనదే! అక్కడ అద్దాల షాపుల్లో అలాంటి సంచే పెద్ద రేటుకి అమ్ముతరు. ఆ షాపు ఓనరమ్మని "ఒకసారి భుజానికి వేసుకుని ఫోటో పంపు" అని ఏ కస్టమరూ అడగడు. మమ్మల్ని అడుగుతరు.

బేరం ఆడటం సతాయింపు కాదు, ఇది ముందే చెప్తున్నాం. "లాస్ట్ ఎంత?" అని పదిసార్లు అడిగినా, వస్తానని చెప్పి రాకపోయినా మాకు చిరాకే గానీ భయం లేదు. అమ్మకం అన్నాక అవి ఉంటయ్. మేము చెప్పేది వేరేది. మొదటి రెండు మెసేజ్‌లు సంచి గురించే ఉంటయ్. మూడోది డీపీ గురించి. నాలుగోది "ఏ ఊరు? తండానా?". తర్వాత "హాస్టల్ ఎక్కడ, నేనే వచ్చి తీసుకుంటా, కిందికి రా". రాత్రి పదకొండున్నరకి వీడియో కాల్. ఎత్తకపోతే "అమ్ముకోనికి పెట్టినవ్ కదా, ఎత్తనీకి ఏమైంది" అని. ఆ మాటలో రెండో అర్థం వాడు కావాలనే పెడతడు. బ్లాక్ చేస్తే ఇంకో నంబర్. మాలో ఒకామెకైతే వాట్సాప్‌లో బ్లాక్ చేసినాక ఫోన్‌పే యాప్‌లో రూపాయి రూపాయి పంపుకుంట, ప్రతి రూపాయితో ఒక మెసేజ్ పెట్టిండు. పైసలు పంపిన దానికీ మెసేజ్ వస్తదని అప్పటిదాకా మాకెవరికీ తట్టలేదు. వాడికి తట్టింది. రేటు తగ్గించం అంటే "అడవిలోంచి వచ్చి మాకే రేట్లు చెప్తారా" అన్నోళ్లూ ఉన్నరు.

పైసల మోసం గురించి అందరికీ ఎంతోకొంత తెలుసు. ఆర్మీలో పని చేస్తున్నా అని చెప్పి, యూనిఫాం ఫోటో, ఐడీ కార్డు పంపి, "క్యూఆర్ స్కాన్ చెయ్, అడ్వాన్స్ పడుతది" అనేటోళ్ల మీద పేపర్లలో ఎన్నోసార్లు వచ్చింది. రాజస్థాన్‌లో భరత్‌పూర్ చుట్టుపక్కల నుంచి ఇట్లాంటి ముఠాలు పని చేస్తున్నయని హైదరాబాద్ పోలీసులు అక్కడిదాకా పోయి మనుషుల్ని పట్టుకొచ్చిన్రు. పైసలు మన ఖాతాలోకి రావాలంటే పిన్ కొట్టే పని లేదు, పిన్ అడిగిందంటే మన పైసలు పోతున్నట్టే. పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత ఆశ. ఇది గోడల మీద కూడా రాసి ఉంటది. కానీ చూడండి, వెయ్యి రూపాయలు పోతే చెప్పుకోనికి నంబర్ అందరికీ గుర్తుంది, అయ్యో అనేటోళ్లు ఉన్నరు. పైస పోకుండా నెల రోజులు నిద్ర పోతే మాత్రం "ఏం పోయింది, బ్లాక్ చెయ్" అంటరు.

అసలు వాడి బలం ఏందో తెలుసా? వాడి నంబర్ కాదు, వాడి బూతులు కాదు. ఇంట్లో చెప్పలేమని వాడికి తెలుసు. నాయన చెవిన పడితే "చదివింది చాలు, రా" అంటడు. ఆ మాట తర్వాత వచ్చేది పెళ్లి సంబంధమే. హాస్టల్లో తెలిస్తే ఫోన్ లోపల పెట్టేస్తరు. ఫోన్ పోతే క్లాస్ నోట్సు పోతది, స్కాలర్‌షిప్ ఓటీపీ పోతది, అమ్మతో మాట పోతది. మాలో ఇంకొకామెకి ఒకడు "మీ వార్డెన్ మేడంకి చెప్పాలా, నువ్వు మగోళ్లతో చాట్ చేస్తున్నవని?" అని రాసిండు. తప్పు చేసిందెవరు, బెదిరించేదెవరు! అందుకే "అమ్మకాలు బంద్ చేయండి" అన్న సలహా మాకు నచ్చలేదు. వాడు చేయాలనుకున్న పనే మనం మన చేతులతో చేసి పెట్టినట్టయితది. వాడు ఇంకో చెల్లె పోస్టు కిందికి పోతడు, మేము పరీక్ష ఫీజుకి అప్పు అడగనీకి పోతాం.

మన ఊళ్లల్ల అంగడి గుర్తు చేసుకోండి. అంగట్లో అమ్మ ఒక్కతే కూర్చోదు. ఊరి ఆడోళ్లంతా వరుసగా గోనెసంచులు పరుచుకుని కూర్చుంటరు. ఎవడన్నా తాగొచ్చి ఒకామె చెయ్యి పట్టుకున్నడనుకోండి, పక్కనున్న ఆమె తక్కెడ పక్కన పెట్టి లేస్తది, ఆమె వెనక ఇంకొకామె. వాడు అంగడి చివరిదాకా తిట్లు తింటూ పోతడు. ఆమెని "రేపటి నుంచి అంగడికి రాకు" అని ఎవరూ అనరు. దళారులు, సావుకార్లు తూకంలో, రేటులో మనోళ్లని దోచుకుంటున్నరని 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టినప్పుడు కూడా "అడవి సరుకు అమ్మడం మానుకోండి" అని చెప్పలేదు కదా, అందరి సరుకూ ఒక దగ్గర కొనే ఏర్పాటు చేసిన్రు. ఆ సంస్థ ఎట్లా నడిచిందనేది వేరే లొల్లి, దానికి ఇంకో పోస్టు కావాలి. ఇప్పుడు ఉట్నూరులో ఆదివాసీ ఆడోళ్లు ఇప్పపువ్వు లడ్డూలు అమ్ముతున్నది కూడా సంఘంగానే. ఫోన్లో అమ్మేటప్పుడు మాత్రం ఒక్కో పిల్ల ఒక్కతే కూర్చుంటున్నది, సొంత నంబర్‌తో, సొంత ఫోటోతో, అర్ధరాత్రి.

కాబట్టి మేము ఆరుగురం ఏం చేస్తున్నామో చెప్తాం. అందరికీ కలిపి ఒక సిమ్ తీసుకున్నాం. పాత ఫోన్లో బిజినెస్ వాట్సాప్ పెట్టినం. డీపీలో సంచి ఫోటో ఉంటది, మనిషి ఫోటో ఉండదు, పేరు కూడా సరుకు పేరే. ఆ ఫోన్ వారానికి ఒకరి దగ్గర ఉంటది, రాత్రి ఎనిమిదికి ఆఫ్. జవాబు ఇచ్చేది ఎవరో అవతలివాడికి తెలియదు. "నువ్వు ఎవరు?" అని అడిగితే "మేము" అంటాం, అంతే! యూపీఐ ఐడీ చాలామందికి ఫోన్ నంబరే ఉంటది, దాన్ని యాప్‌లోకి పోయి మార్చుకోవచ్చు, మార్చుకోండి. ఇంకో మాట, యూపీఐలో మనిషి మనిషిని పైసలు అడిగే కలెక్ట్ రిక్వెస్ట్ పద్ధతిని 2025 అక్టోబర్ 1 నుంచి తీసేసిన్రు. ఇప్పుడు ఎవడన్నా "రిక్వెస్ట్ పంపిన, ఓకే చెయ్, నీకే పైసలు వస్తయ్" అంటే మాట్లాడకుండా చాట్ బంద్ చేయండి.

సరుకు ఇచ్చేది హాస్టల్ దగ్గర కాదు, ఎప్పటికీ కాదు. అమీర్‌పేట మెట్రో స్టేషన్ దగ్గర ఇస్తాం. రెండు లైన్లు కలిసే స్టేషన్ కాబట్టి జనం ఎప్పుడూ ఉంటరు, కెమెరాలు ఉంటయ్, సెక్యూరిటీ ఉంటరు. ఇద్దరం పోతాం, పొద్దుమూకక ముందే. అమెరికాలో చాలా ఊళ్లల్లో పోలీస్ స్టేషన్ ముందర పార్కింగ్‌లోనే ఆన్‌లైన్ సరుకులు ఇచ్చిపుచ్చుకోనికి జాగా గుర్తు పెట్టి ఉంచుతరట. ఇక్కడ కూడా అడిగితే తప్పేముంది? మన సంఘాలు అడగాల్సిన డిమాండ్లలో ఇదొకటి పెట్టాలని మా కోరిక.

ఇక చట్టం. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాం, ఎందుకంటే మాకు చెప్పినోళ్లు ఎవరూ లేరు, చదివి తెలుసుకున్నాం. 2024 జూలై 1 నుంచి ఐపీసీ జాగాలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దాంట్ల 78వ సెక్షన్ వెంటపడటం గురించి. ఆడమనిషి ఇష్టం లేదని స్పష్టంగా తెలిపినా మళ్లీ మళ్లీ కాంటాక్ట్ చేస్తే నేరం, మొదటిసారికి మూడేళ్ల దాకా జైలు. ఇక్కడ "స్పష్టంగా" అన్నదే కీలకం. మన పిల్లలు మర్యాదకి "సారీ అన్నా, బిజీ అన్నా" అని రాసి, ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకుంటరు. అది వద్దని చెప్పినట్టు కాదని వాడి వకీలు వాదిస్తడు. మేము ఒకటే లైను రాసి పెట్టుకున్నాం: "అమ్మకం ముగిసింది. ఇకపై ఈ నంబర్‌కి మెసేజ్ గానీ కాల్ గానీ చేయవద్దు." అన్నా లేదు, సారీ లేదు. దాని తర్వాత ఒక్క మెసేజ్ వచ్చినా నంబర్, తేదీ, టైమ్ కనబడేటట్టు స్క్రీన్‌షాట్. ఆ తర్వాతే బ్లాక్. అసహ్యం వేసి చాట్ డిలీట్ చేయాలనిపిస్తది, చేయొద్దు. అసభ్యంగా మాట్లాడితే 75, 79 సెక్షన్లు ఉన్నయ్.

మనకి ఇంకొకటి ఉంది, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989. కులం పేరుతో తిట్టినందుకు కేసు కావాలంటే అది నలుగురికీ కనబడే చోట జరిగి ఉండాలి. ఇన్‌బాక్స్‌లో తిడితే ఆ లెక్కలోకి రావడం కష్టం. ఇంటర్నెట్‌లో అందరూ చూసేటట్టు పెట్టింది మాత్రం నలుగురి ముందర అన్నట్టే అని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. అది ఒక ఎస్టీ మహిళని యూట్యూబ్ వీడియోలో అవమానించిన కేసు, ఆ వీడియో పెట్టినవాడికి ముందస్తు బెయిల్ ఇవ్వలేదు. అయితే అదే చట్టంలో 3(1)(డబ్ల్యూ) అని ఉంది. ఎస్టీ ఆడమనిషి అని తెలిసీ ఆమెతో లైంగికంగా మాట్లాడటం, సైగలు చేయడం నేరం. దానికి నలుగురి ముందర అన్న షరతు లేదు. "తెలిసీ" అన్నది ముఖ్యం. "తండానా?" అని వాడు అడిగిన ఆ మెసేజ్ ఉంది చూడండి, అదే రుజువు. అందుకే డిలీట్ చేయొద్దంటున్నది.

ఫిర్యాదు ఎక్కడ? షీ టీమ్స్ 2014 అక్టోబర్ 24 నుంచి పని చేస్తున్నయ్, ఫోన్లో సతాయించే కేసులూ చూస్తరు. బేగంపేటలో మహిళా పోలీస్ స్టేషన్ ఉంది. మీరు ఉట్నూరులో ఉన్నా భద్రాచలంలో ఉన్నా దగ్గరలో ఉన్న స్టేషన్లో జీరో ఎఫ్ఐఆర్ రాయించొచ్చు, "మా పరిధి కాదు" అని తిప్పి పంపే వీలు చట్టంలో లేదు. అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే 112. ఒక్కరే పోవద్దు, మాకు ఒక స్టేషన్లో ఎదురైన మొదటి ప్రశ్న "నంబర్ నువ్వే ఇచ్చినవ్ కదమ్మా" అనే. ముగ్గురం ఉన్నాం కాబట్టి ముగ్గురం ఒకేసారి జవాబు చెప్పినం, కాగితం తీసుకున్నరు.

వాడి నంబర్, ఫోటో గ్రూపుల్లో పెట్టి పరువు తీయాలని కొందరు అన్నలు అంటున్నరు. కోపం మాకూ ఉంది. కానీ దొంగ సిమ్ మీద ఇంకెవరి ఫోటోనో ఉంటే? ఏ పాపం తెలియని మనిషి ఇంటిమీదికి మనోళ్లు పోతే? పైగా ఆ పోస్టు షేర్ అయ్యేకొద్దీ పిల్ల పేరు కూడా బయట పడుతది. మేము దానికి ఒప్పుకోం. మీకు తోడు రావాలనిపిస్తే స్టేషన్‌కి రండి.

చివరిగా ఒక చేదు మాట. కొంటామని వచ్చి సతాయించేటోళ్లు అందరూ బయటోళ్లు కాదు. ఇలాంటి మన గ్రూపుల్లో అమ్మకం పోస్టు చూసి నంబర్ తీసుకుని, "మనం మనం ఒకటే కదా, ఫ్రీగా మాట్లాడు" అని రాత్రిళ్లు మెసేజ్ చేసినోళ్లు ఉన్నరు. రెండు స్క్రీన్‌షాట్లు మా దగ్గర ఉన్నయ్. అడ్మిన్ అన్నలకి పంపినం, వారం అయింది. జల్ జంగల్ జమీన్ అని పోస్టులు పెట్టేటోళ్లే పక్క పోస్టు కింద చెల్లె నంబర్ మీద చెయ్యేస్తే ఎట్లా? అమ్మకం పోస్టుల్లో నంబర్లు పెట్టకుండా అడ్మిన్ల ద్వారానే ఆర్డర్ తీసుకోవాలని, సతాయించినోడిని మనోడైనా సరే గ్రూపు నుంచి తీసేయాలని రూల్ పెట్టండి. వారం సరిపోకపోతే ఇంకో వారం ఆగుతాం.

ఇట్లా చేస్తే అమ్మకాలు తగ్గుతయా అంటే, తగ్గినయ్. రాత్రి జవాబు ఇవ్వం కాబట్టి కొందరు ఇంకొకరి దగ్గర కొంటరు, మెట్రో దాకా రాలేం అనేటోళ్లు ఉన్నరు. పోయిన నెలతో చూస్తే మూడు సంచులు తక్కువ పోయినయ్. కానీ మాలో ఇద్దరు అమ్మడం మానేసినోళ్లు తిరిగి మొదలుపెట్టిన్రు.

ఇప్పుడు మా దగ్గర ఐదు అద్దాల సంచులు, రెండు సీసాల తేనె, గ్రూప్-2 మెటీరియల్ ఒక సెట్టు (తెలుగు మీడియం, పాలిటీ బుక్కులో పది పేజీలు పెన్నుతో గీసి ఉన్నయ్) ఉన్నయ్. రేటు కామెంట్లో రాస్తాం. తగ్గించమని అడగండి, అడిగితే కోపం రాదు. ఆదివారం నాలుగు గంటలకి అమీర్‌పేట స్టేషన్ దగ్గర ఇద్దరం ఉంటాం.