రాత్రి డ్యూటీకి దేహం ‘అలవాటు’ పడదు



సూరత్ నగరంలో, ఖటోదరా వంటి పారిశ్రామిక వాడలలో, మరమగ్గాలు పన్నెండేసి గంటల షిఫ్టులలో రేయింబవళ్లు నడుస్తాయి. తెలంగాణ నుండి పొట్ట చేతబట్టుకొని ఆ నగరానికి వెళ్లిన నేత కార్మికులెందరో మగ్గాల ముందు నిలబడి తెల్లవారజేస్తున్నారు. అక్కడ వారికి యజమానులు చెప్పే మాటనే రైల్వేలో, తపాలాలో మనకు అధికారులు చెబుతారు: “నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుంది.”

ఇది పచ్చి అబద్ధం. విజ్ఞానశాస్త్రమే ఇందుకు సాక్షి.

1729లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద మెరాన్ అత్తిపత్తి మొక్కను చీకటిలో ఉంచాడు. ఎండ సోకకున్నా అది వేళకు ఆకులు విప్పింది, వేళకు ముడిచింది. నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులలో సైతం ఇట్టి గడియారమున్నది. రేయింబవళ్ల చక్రానికి తన గడియారం సరిపోయిన జాతి, సరిపోని జాతిని అణచివేసి పెరుగుతుందని 1998లో ప్రయోగపూర్వకంగా తేలింది. 1971లో ఈగలో కనుగొన్న గడియారపు జన్యువుకు జ్ఞాతులైన జన్యువులు మనిషిలోనూ ఉన్నాయి. ఆ పరిశోధనా పరంపరకే 2017లో నోబెల్ బహుమతి లభించింది. ఈగకు, మనిషికి ఉమ్మడి పూర్వీకులు జీవించి యాభై కోట్ల సంవత్సరాలు దాటింది. అంత పాత గడియారాన్ని నిన్నటి డ్యూటీ చార్టు మార్చగలదా?

మన మెదడులో సుమారు 20,000 కణాల గుత్తి ఒకటి కంటికి తగిలే వెలుగును బట్టి దేహమంతటికీ వేళ నిర్ణయిస్తుంది. రాత్రంతా సార్టింగులోనో, ఇంజను మీదనో గడిపి ఉదయం ఇంటిముఖం పట్టిన కార్మికునికి సూర్యుడే ఎదురై, ఆ గడియారాన్ని తిరిగి పగటికే తిప్పుతాడు. ఇక అలవాటు ఎక్కడిది? రాత్రి షిఫ్టు పని బహుశా క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధనా విభాగం 2007లో వర్గీకరించి, 2019లో ధ్రువపరిచింది.

పాలకులు చేసిందేమిటి? 2020లో గుజరాత్ ప్రభుత్వం 12 గంటల పనిదినాన్ని ప్రకటించింది. అక్టోబరు 1న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 2025లో అదే ప్రభుత్వం ఆర్డినెన్సుతో మళ్లీ తలుపు తెరిచింది. 2020లోనే కేంద్రం, మూలవేతనం 43,600 రూపాయలు దాటిన ఉద్యోగికి రాత్రి డ్యూటీ భత్యం లేదన్నది. జీతం ఆ అంకె దాటగానే దేహంలోని గడియారం ఆగిపోతుందా?

రాత్రి పనే వద్దని మేము అనడం లేదు. రైలు నడవాలి, ఉత్తరం చేరాలి. ఎనిమిది గంటలకు మించని డ్యూటీ, వరుస రాత్రులకు పరిమితి, పగటి నిద్రకు నిశ్శబ్దమైన విశ్రాంతి గది, భత్యానికి వేతన పరిమితి రద్దు: ఇవి దయాభిక్షలు కావు, దేహధర్మం కోరే హక్కులు. ఖటోదరా మగ్గం ముందు నిలిచిన సోదరునికీ, మనకూ గడియారం ఒక్కటే, పోరాటమూ ఒక్కటే!