రెండుచక్రములపై నేర్చిన విద్య

మోటారుసైకిలు చక్కగా నడిపినవాడే మోటారుకారును కూడ చక్కగా నడుపునని మన పట్టణములలో ఒక నమ్మకము కలదు. కుమారునకు పదునేడేండ్లు నిండకమునుపే బండి కొనియిచ్చు తండ్రులు బంధువు లాక్షేపించినప్పుడు ఈ మాటనే అడ్డము వేయుచుందురు. "ఇప్పుడు దీనిమీద చేయి తిరిగిన రేపు కారు తేలిక" అందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. అయితే ఆ సత్యము ఎంతవరకు చెల్లునో, మన వరంగల్లు, హనుమకొండ, కాజీపేటల రోడ్లపై అది ఏల నిలువకున్నదో విచారింపవలసిన యవసరము వచ్చినది.

ముందుగా ఆ మాటకు అనుకూలమగు సాక్ష్యమునే చూతము. 1999, 2000 సంవత్సరములలో ఫ్రాన్సు, జర్మనీ, నెదర్లాండ్సు, స్పెయిను, ఇటలీ దేశములలో జరిగిన 921 ద్విచక్రవాహన ప్రమాదములను నిపుణులు ఒక్కొక్కటిగా పరిశోధించిరి. వానిలో సగమింటికి మూలకారణము ఎదుటి వాహనము నడుపువాని పొరపాటని తేలినది. ఆ పొరపాటు చేసినవారిలో నూటికి డెబ్బదిమందికి పైగా మోటారుసైకిలు వచ్చుచున్నదని గమనింపనే లేదు! అమెరికాలో లాసేంజిలిసు ప్రాంతమున హారీ హర్టను ఆచార్యుడు 1981లో ప్రకటించిన నివేదికయు ఇట్టి సంగతినే చెప్పినది. పిమ్మట 2006లో ఇటలీ పరిశోధకులు కొందరు పైని ఐరోపా వివరములనే మరల వడగట్టి, మోటారుసైకిలు లైసెన్సు కూడ గల కారుచోదకులు ద్విచక్రములతో ఢీకొనిన ప్రమాదములలో తప్పు తమదగుట తక్కువయని నిర్ణయించిరి. కారణ మూహింప కష్టము కాదు. ఒకప్పుడు తానే ఆ సన్నని బండిపై కూర్చుండి, ప్రక్కనుండి దూసికొనివచ్చిన కారుకు గుండె ఝల్లుమని యొదిగినవాడు, కారెక్కిన పిదప మలుపు తిరుగుటకుముందు అద్దములో ఒకమారు చూచును. చూడనివానికిని చూచువానికిని గల భేదమే ప్రాణమునకును మరణమునకును గల భేదము.

ఇంతవరకు సరియే. కాని ఈ న్యాయమే పూర్తిగా నిజమైనచో లోకములోకెల్ల భద్రమైన కారుచోదకులు మన దేశమునందే యుండవలెను. ఏలనగా మన దేశమున రిజిస్టరైన వాహనములలో సుమారు నాలుగింట మూడువంతులు ద్విచక్రములే. హనుమకొండ చౌరస్తాలో నేడు కారు నడుపుచున్న పెద్దమనుష్యులలో ఒకప్పుడు స్కూటరుగాని మోటారుసైకిలుగాని నడపనివారు అరుదు. అయినను ఫలిత మేమి? కేంద్రప్రభుత్వమువారి లెక్కప్రకారము 2022వ సంవత్సరమున దేశమున 4,61,312 రోడ్డుప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరి. మృతులలో నూటికి 44 మందికి మించి ద్విచక్రములపై పోవుచుండినవారే. నూటికి డెబ్బదియొక్క మరణములను అతివేగము ఖాతాలో వ్రాసినారు. రెండుచక్రములపై పెరిగిన జాతి నాలుగుచక్రము లెక్కి, ఆ రెండుచక్రములవారినే చంపుచున్నదని చెప్పవలసివచ్చుటకు మేము సిగ్గుపడుచున్నాము.

భేదము బండిలో లేదు, దానిని నేర్చు విధానములో నున్నది. ఐరోపాసమితి దేశములలో 2013నుండి అమలుననున్న పద్ధతి ప్రకారము పెద్ద మోటారుసైకిలు చేతికి వచ్చుటకు మెట్లు కలవు. మొదట చిన్న యింజను, తరువాత నడిమిది, పిమ్మట పెద్దది. మెట్లెక్కక నేరుగా పెద్దదానికే పోవలెనన్న సాధారణముగా ఇరువదినాలుగేండ్లు నిండవలెను. మన చట్టమున పదునెనిమిదేండ్లు నిండి గేర్లబండి లైసెన్సొకటి చేతబడినచో నూరు సీసీలదైనను, వేయి సీసీలదైనను ఒక్కటే. పదునారేండ్లకే అనుమతియున్నది యేబది సీసీలకు మించని బండికి మాత్రమే. అట్టి బండిని మన బాలురలో కోరువా డెవ్వడు?

ఇక పరీక్ష సంగతి. ఎనిమిదంకె ఆకారమున తిరిగి, కాలు నేల మోపకుండ వచ్చినచో చాలును. బ్రిటనులో 2002నుండి అభ్యర్థికి కదలుబొమ్మలు చూపి, ప్రమాద మెక్కడ పుట్టుచున్నదో ఆ క్షణమున గుర్తింపుమని యడుగుచున్నారు. మనము కాళ్ళను పరీక్షించుచున్నాము, వారు కన్నులను పరీక్షించుచున్నారు. మన బాలుడు అన్నవద్దనో స్నేహితునివద్దనో కళాశాల మైదానమున బండి నేర్చుకొనును. అతడు నేర్చుకొను విద్య సందు దొరికినచోట దూరుట. ఎఱ్ఱదీపము పడబోవుచుండగా వేగము పెంచుట. బస్సునకు ఎడమప్రక్కనుండి ముందుకు పోవుట. రెండేండ్లు ఇట్లు తిరిగి దెబ్బ తగలకుండ బయటపడినచో తనకు ప్రమాదమే లేదని నమ్మును. ఆ పిదప కారెక్కి అద్దము లెత్తుకొని చల్లగాలి పెట్టుకొనగానే నిన్నటి తన్ను తానే మరచును. మోటారుసైకిలునుండి కారునకు వెంట రావలసినది భయము. అది క్రిందనే దిగిపోవుచున్నది, సందులో దూరు నేర్పు మాత్రము పైకెక్కుచున్నది.

వేగమువలన గలుగు లాభమెంతయో లెక్క వేసి చూడుడు. కాజీపేటనుండి వరంగల్లు స్టేషనునకు సుమారు పది కిలోమీటర్లు. గంటకు నలుబది చొప్పున పోయిన పదునైదు నిమిషములు, అరువది చొప్పున పోయిన పది నిమిషములు. నడుమ కూడళ్ళు, జనసమ్మర్దము తీసివేయగా ఆ మిగులు అయిదు నిమిషములును చేతికి దక్కవు. కాని నలుబదిమీద తగులు దెబ్బకంటె అరువదిమీద తగులు దెబ్బ బలము రెండింతలకు మించును. అరువదిమీద పోవువాడు ఎదుట గేదెను చూచి బ్రేకుపై కాలు వేయులోపుననే, ఒక్క సెకనులో, సుమారు పదునేడు మీటర్లు ముందుకు పోయియుండును. టీకొట్టువద్ద అరగంట కూర్చుండుటకు తీరికగలవానికి దారిలో రెండు నిమిషములు ఓపిక లేదు!

ఇక మా పాఠకులలో భూవసతి గలవారికి ఒక మాట చెప్పవలసియున్నది. అది వారికి ప్రియముగా నుండదు. ఏనుమాముల మార్కెటులో పత్తియో మిరపయో అమ్మి వచ్చిన ధనముతో ఇంటర్మీడియెటు చదువు కొడుకునకు బండి కొనుట ఇప్పుడు వాడుకయైనది. కొనకున్న పిల్లవాడు అలుగును, తల్లి కంట నీరు పెట్టును. తండ్రికి దిక్కు తోచదు. ఆ కష్టము మేమెరుగనిది కాదు. కాని 2019లో సవరింపబడిన మోటారువాహనముల చట్టమున 199ఎ యను విభాగమున్నది. మైనరు నడిపిన బండివలన నేరము జరిగినచో సంరక్షకుడుగాని బండి యజమానిగాని దోషియగును. మూడేండ్లవరకు జైలు, ఇరువదియైదువేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ బాలునకు ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు దొరకదు. తాళపుచెవి యిచ్చినది తండ్రియే కావున శిక్షయు తండ్రికే యనుట మాకు న్యాయముగానే తోచుచున్నది.

హెల్మెటు విషయమై వాదింప నేమున్నది? తలకు పెట్టుకొనినచో మరణాపాయము నూటికి సుమారు నలుబది వంతులు తగ్గునని పరిశోధనలు చెప్పుచున్నవి. 2022లో హెల్మెటు లేక చనిపోయిన 50,029 మందిలో 14,337 మంది వెనుక కూర్చుండినవారు. బండి నడుపు భర్త తలకు రక్షణ యుండి వెనుకనున్న భార్య తలకు కొంగు మాత్రముండు దృశ్యమును మనము దినమును చూచుచున్నాము.

అయితే దోషమంతయు పట్టణపు యువకులదే యనుట అన్యాయము. హైదరాబాదునుండి జనగామ, స్టేషన్ ఘన్‌పూరుల మీదుగా వచ్చు 163వ జాతీయ రహదారి నాలుగువరుసలది, నడుమ గట్టుకలది. గట్టులో సందు దూరమని, చుట్టు తిరుగుటకు బద్ధకించి, ట్రాక్టరును అడ్డదారిని ఎదురు నడిపించువారు కలరు. ఆ ట్రెయిలరు వెనుక దీపము వెలుగదు. చీకటిలో వచ్చు మోటారుసైకిలువాని కంటికి అది రోడ్డువలెనే నల్లగా కనబడును. ఎఱ్ఱని ప్రతిఫలనపు పట్టీ యొకటి అంటించుటకు అగు ఖర్చు ట్రాక్టరుకు ఒక దినమున పోయు డీజిలు వెలకంటె తక్కువ.

అంతకంటె ఘోరమైనది ధాన్యపు ఆరబోత. వానకాలపు పంటకును యాసంగి పంటకును ఊరిరోడ్లలో సగము కల్లములుగా మారుచున్నవి. వరియు, మక్కలును తారురోడ్డుపై పరచి, అంచున రాళ్ళును కంపయు పెట్టుదురు. సాయంకాలము ధాన్యము కుప్పచేసి నల్లని టార్పాలిను కప్పుదురు. గింజల నెత్తుకొనిన పిదప రాళ్ళను మరచిపోవుదురు. గింజలపై రెండుచక్రములు జారుట కన్న సులభమైనది లేదు. వేగము తగ్గించి వచ్చినవాడును అక్కడ నిలువలేడు. ఆ రాతిమీద పడువాడు ప్రక్కయూరి రైతు కొడుకే కావచ్చును.

రైతును మాత్రమే నిందించి ఊరకుండుట కూడ తగదు. తేమ యెక్కువయున్నదని కొనుగోలు కేంద్రమున ధాన్యమును త్రిప్పి పంపుదురు. ఆరబెట్టుటకు గట్టినేల ఊరిలో లేదు. మబ్బు పట్టినప్పుడు తారురోడ్డు తప్ప అతనికి గతి యేమి? కావున కోతలు మొదలగుటకు పూర్వమే ప్రతి కొనుగోలు కేంద్రమువద్దను సిమెంటు కల్లము ప్రభుత్వమువారు వేయింపవలెను. అంతవరకు పాఠశాల మైదానములను సెలవుదినములందు రైతులకు విడువవచ్చును. తప్పనిసరియై రోడ్డున ఆరబోసినచో ఒక ప్రక్కనే ఆరబోయుటయు, రాళ్ళకు బదులు ఇసుకసంచులు పెట్టుటయు, ప్రొద్దుగూకకమునుపే దారి విడుచుటయు గ్రామపంచాయతీలు తీర్మానింపవచ్చును. ఇందులకు హైదరాబాదునుండి ఉత్తరువు రావలసిన పనిలేదు. సర్పంచి ఒక సాయంకాలము చెట్టుక్రింద పదిమందిని కూర్చుండబెట్టిన చాలును.