చెక్క నేలకి తొందర కూడదు

గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నాక ఇంట్లో ప్రతి పనికీ తొందరే. ప్లంబరు ఒక గదిలో, ఎలక్ట్రీషియన్ ఇంకో గదిలో, పెయింటరు హాల్లో... అందరికంటే చివర వచ్చేవాడు చెక్క ఫ్లోరింగ్ పరిచే పనివాడు. 'మాస్టర్ బెడ్‌రూమ్ ఒక్కటే కదండీ, రెండు రోజుల్లో అతికించేస్తాం' అంటాడు. నిజమే, అతికించడానికి రెండు రోజులు చాలు. అతికించింది పదేళ్లు ఉంటుందా, మొదటి వానాకాలానికే లేచిపోతుందా అన్నది మాత్రం అంతకు ముందు మీరు ఎంత ఓపిక పట్టారన్నదాని మీద ఉంటుంది. టైల్ పగిలితే ఆ ఒక్కటీ మార్చుకుంటాం. జిగురుతో పట్టిన చెక్క లేస్తే ఉలి, సుత్తి పెట్టి పెకలించాల్సిందే. పెకలించిన పలక మళ్లీ పనికిరాదు.

ఏం కొంటున్నారో చూసుకోండి

షాపుకెళ్లి 'వుడెన్ ఫ్లోరింగ్' అని అడిగితే రకరకాలు చూపిస్తారు. అందులో లామినేట్ అంటే చెక్కపొడిని నొక్కి చేసిన పలక మీద చెక్క బొమ్మ అచ్చువేసిన పొర. వినైల్, ఎస్పీసీ అనేవి ప్లాస్టిక్ జాతి. అసలు చెక్కవి రెండే. ఒకటి సాలిడ్. పైనుంచి కింది దాకా ఒకే చెక్క, సాధారణంగా 18-20 మి.మీ. మందం ఉంటుంది. రెండోది ఇంజినీర్డ్. పైన ఓకో, టేకో పల్చటి పొర ఉంటుంది. దాని కింద ప్లైవుడ్‌లో మాదిరి ఒకటి నిలువు, ఒకటి అడ్డంగా అతికించిన పొరలుంటాయి. ఒక పొర ఉబ్బబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. అందుకే కాంక్రీటు స్లాబు మీద అతికించడానికి ఈ రకమే క్షేమం.

బేరమాడేటప్పుడు పలక మొత్తం మందంతో పాటు పై పొర మందం కూడా అడగండి. అది 4 మి.మీ. ఉంటే కొన్నేళ్ల తర్వాత ఒకటి రెండుసార్లు పైపైన గీకించి కొత్తగా పాలిష్ పెట్టించుకోవచ్చు. ఒకటి, రెండు మి.మీ. మాత్రమే అయితే ఆ ఆశ పెట్టుకోకండి. ఆ అంకె బిల్లు మీద రాయించుకోండి.

కదిలే నేల

చెట్టు నుంచి కోసి ఎన్నేళ్లయినా చెక్క గాలిలోని తేమను పీలుస్తూ, వదులుతూనే ఉంటుంది. వానాకాలంలో బిగుసుకున్న తలుపు ఎండాకాలంలో హాయిగా పడటం మనింట్లో చూసేదే. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం దరిదాపులకు పడిపోతుంది. ఆగస్టులో 70 దాటుతుంది. ఆ తేడాకి చెక్కలోని తేమ దాదాపు 6 శాతం నుంచి 13, 14 శాతానికి చేరగలదు. విశాఖలాంటి తీరప్రాంతంలో అయితే ఏడాదిలో ఎక్కువ రోజులు ఉక్కే.

పొడవులో చెక్క పెద్దగా పెరగదు. పెరిగేది వెడల్పులోనే. తక్కువ కదిలే చెక్కల్లో టేకు ఒకటని పేరు. ఆ టేకులో కూడా 125 మి.మీ. వెడల్పున్న సాలిడ్ పలక ఇంత తేడాకి ఒక మి.మీ. నుంచి రెండు మి.మీ. దాకా పెరగగలదు. పదడుగుల గదికి అలాంటివి 24 పలకలు. ఒక్కోటి ఒక్క మి.మీ. చొప్పున పెరిగినా అంతా కలిసి అంగుళం! గోడలకు ఆనించి బిగిస్తే అది పోయేదెక్కడికి? మధ్యలో గుడారంలా లేస్తుంది. అందుకే నాలుగు గోడల పొడవునా ఖాళీ వదలాలి. ఇంజినీర్డ్‌కి 10-12 మి.మీ., సాలిడ్‌కి పలక మందమంత. స్కర్టింగ్ వచ్చి ఆ ఖాళీని కప్పేస్తుంది. స్కర్టింగ్‌ని గోడకే కొట్టాలి, చెక్క నేలకి కాదు.

గచ్చు ఆరిందా?

గాలి తేమకంటే పెద్ద శత్రువు కిందే ఉంటుంది. కాంక్రీటులో కలిపిన నీళ్లు, ఆపైన క్యూరింగ్‌కి పోసిన నీళ్లు అంత తేలిగ్గా పోవు. అంగుళం మందానికి కనీసం ఒక నెల అన్నది పాత లెక్క. అంటే నాలుగంగుళాల కాంక్రీటుకి నాలుగు నెలలు. అదీ తలుపులు, కిటికీలు బిగించి, వాన లోపలికి రాకుండా ఉన్నప్పటి మాట. పైకి తెల్లగా, పొడిగా కనిపించినంత మాత్రాన నమ్మకండి. కిందనున్న తేమ మెల్లగా పైకి వస్తూనే ఉంటుంది.

ఇంట్లోనే చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న దళసరి ప్లాస్టిక్ షీటును గచ్చు మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. కనీసం 16 గంటలు, వీలైతే ఒక రోజంతా వదిలేయండి. తీసి చూస్తే లోపల నీటి చెమ్మ పట్టినా, గచ్చు నల్లబడినా ఇంకా సమయం కాలేదన్నమాట. గదిలో మూడు నాలుగు చోట్ల, ముఖ్యంగా బాత్‌రూమ్ గోడ పక్కన చూడాలి. పొడిగా ఉంటే అక్కడితో సరిపెట్టకండి. ఇది 'ఆగు' అని చెప్పగలదే గానీ 'కానివ్వు' అని పూచీ ఇవ్వలేదు. గచ్చుకి రంధ్రం చేసి లోపలి తేమను కొలిచే మీటరు ఉంటుంది, దానితో కొలవమని పనివాళ్లనే అడగండి. ఎంతవరకు ఉండొచ్చో జిగురు డబ్బా మీదే ఉంటుంది.

గ్రౌండ్ ఫ్లోర్ అయితే మట్టిలోంచి వచ్చే చెమ్మ కూడా తోడవుతుంది. అక్కడ తేమను అడ్డుకునే ఎపాక్సీ పూత లేకుండా చెక్క జోలికి వెళ్లకండి. చెదల మందు సంగతీ ముందే చూసుకోవాలి.

మరి ముహూర్తం? పాలు పొంగించడానికి వంటగది చాలు, హోమానికి హాలు చాలు. ఆ ఒక్క పడకగది గచ్చు నేలతోనే ఉంటే వచ్చిన తప్పేమీ లేదు. చాప పరుచుకుని గృహప్రవేశం కానిచ్చేయండి. ఒక వానాకాలం గడిచాక, గోడల్లో చెమ్మ కనపడలేదని తేలాక చెక్క పరిపించుకోండి.

జిగురు పూసే రోజు

పలకల పెట్టెలు కొన్ని రోజుల ముందే ఆ గదిలోకి చేరాలి. గచ్చు మీద పెయింటు చుక్కలు, పీఓపీ ముద్దలు, దుమ్ము లేకుండా గీకించాలి. జిగురు దుమ్ముకి అంటుకుంటే దుమ్ముతో పాటే లేస్తుంది. మట్టం కూడా ముఖ్యం. ఆరడుగుల బద్ద పెట్టి చూస్తే కింద 3 మి.మీ. మించి సందు కనపడకూడదు.

ఫర్నిచర్‌కి వాడే తెల్ల జిగురు ఇక్కడ పనికిరాదు. అందులో నీళ్లుంటాయి, ఆరాక గట్టిపడిపోతుంది. కావలసింది పాలీయూరిథేన్ లేదా ఎంఎస్ పాలిమర్ రకం. ఇవి ఆరాక కూడా రబ్బరులా సాగుతాయి, చెక్క కదిలితే కాస్త చోటిస్తాయి. చదరపు మీటరుకు కిలో అటూ ఇటూ పడుతుంది. ఖరీదు ఎక్కువ కాబట్టి అక్కడక్కడా ముద్దలు పెట్టి సరిపెట్టే పనివాళ్లుంటారు. అది ఒప్పుకోవద్దు. పళ్లున్న తాపీతో వరసలు పడేలా గచ్చంతా పూయాలి. అరగంట, గంటలో ఎంత పరవగలరో అంతే పూయాలి. మధ్యమధ్యలో అప్పుడే పెట్టిన పలకనొకదాన్ని ఎత్తి చూపించమనండి. అడుగున కనీసం 80 శాతం జిగురు అంటి ఉండాలి. సాలిడ్ అయితే దాదాపు అంతా. పక్కపక్క వరసల్లో అతుకులు ఒకే గీతలో పడకూడదు. పైన అంటిన జిగురును పచ్చిగా ఉన్నప్పుడే తుడవాలి, ఆరాక పాలిష్‌తో సహా వస్తుంది.

ఒక రోజు ఎవరూ తొక్కకూడదు. మంచం, బీరువా రెండో రోజు తర్వాతే. డబ్బు ఇచ్చేముందు వేలి కణుపుతో గదంతా తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోట జిగురు లేదన్నమాట.

పాత టైల్స్ మీద అతికించొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. టైల్స్ గట్టిగా ఉండి, పై నునుపును గరుకు చేస్తే అతికించొచ్చు. నేల ఎత్తు పెరుగుతుంది కాబట్టి తలుపు అడుగు కోయించాల్సి వస్తుంది.

బకెట్ పక్కన పెట్టండి

ఫ్రాన్సులోని వెర్సాయ్ రాజభవనంలో 1684లో పాలరాతి నేలలు తీయించి చెక్క నేలలు వేయించారు. రాతిని కడిగిన నీళ్లు కిందికి దిగి దూలాలు కుళ్లిపోవడమే కారణం. నీళ్లు పోసి కడిగే అలవాటు మనకూ ఉంది. శుక్రవారం ఇల్లంతా కడిగినా ఈ గది గుమ్మం దగ్గర ఆగండి. బాగా పిండిన బట్టతో తుడిస్తే చాలు. పనమ్మాయికి ఈ సంగతి మొదటి రోజే చెప్పండి.

ఎప్పుడైనా పలకల అంచులు లేచి, మధ్యలో పళ్లెంలా గుంటపడితే అడుగున నీళ్లు చేరాయని అర్థం. వెంటనే గీకించకండి. ముందు లీకు వెతికి ఆపాలి, చెక్కని ఆరనివ్వాలి. చాలావరకు అదే సర్దుకుంటుంది. తడి మీద అంచులు గీకించేస్తే, ఆరాక అంచులు తగ్గి మధ్యభాగం ఉబ్బెత్తుగా మిగిలిపోతుంది.